ఎస్‌జీపీటీ పెరిగిందంటే లోపల ఏం జరుగుతున్నట్టు?

చెన్నై సెంట్రల్‌లో పొద్దున్నే దిగే నెల్లూరు, గూడూరు బళ్లలో చంకలో స్కాన్ కవరు పెట్టుకున్నవాళ్లు రోజూ కనిపిస్తారు. కొందరు రోడ్డు దాటి ఎదురుగా ఉన్న జనరల్ హాస్పిటల్‌కి నడుస్తారు, కొందరు రాయపురం వైపు స్టాన్లీకి పోతారు, ఇంకొందరు ఆటో ఎక్కి ప్రైవేటు ఆస్పత్రులకి. నెల్లూరు, చిత్తూరు జిల్లాలవాళ్లకి పెద్ద జబ్బంటే ఇప్పటికీ మద్రాసే. వాళ్లలో లివర్ డాక్టరుకి చూపించుకుని బయటికొచ్చినవాళ్లు ఇంటికి ఫోన్ చేసి చెప్పే మాట చాలాసార్లు ఒకేలా ఉంటుంది: "వైరస్ ఉందంట, కానీ ఇప్పుడే మందు వద్దంట. ఆర్నెల్లకోసారి టెస్టులు చేయించుకోమన్నారు."

ఇంట్లోవాళ్లకి ఇది మింగుడుపడదు. జబ్బుంటే మందుండాలి, మందు లేదంటే జబ్బు లేనట్టే కదా అనుకుంటారు. ఒకే ఇంట్లో ఇద్దరికి హెపటైటిస్ బి బయటపడితే అయోమయం ఇంకా ముదురుతుంది. 20 ఏళ్ల కొడుక్కి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, కోట్లలో ఉంటుంది, మాత్ర రాయరు. 45 ఏళ్ల తల్లికి వేలల్లోనే ఉంటుంది, రోజుకో మాత్ర చొప్పున మొదలుపెడతారు. పైకి చూస్తే లెక్క తలకిందులైనట్టే ఉంటుంది. డాక్టరు మాత్రం వైరస్ అంకెతో పాటు ఆ వైరస్‌ని ఒంట్లోని రోగనిరోధక కణాలు ఏం చేస్తున్నాయన్నదీ చూస్తారు. ఈ తల్లీకొడుకుల తేడా అర్థమైతే దీర్ఘకాలిక హెపటైటిస్ సగం అర్థమైనట్టే.

హెపటైటిస్ బి వైరస్ తనంతట తాను కాలేయ కణాన్ని చంపదు. కణంలో దూరుతుంది, దాని సరంజామాతోనే తన నకళ్లు తీయించుకుంటుంది, కణం బతికుండగానే ఆ నకళ్లు బయటికి పోతుంటాయి. కణం చస్తే నష్టం వైరస్‌కే. ఆ కణాల్ని చంపేది మన సొంత రోగనిరోధక సేనలోని టీ కణాలు. వైరస్ సోకిన కణాన్ని గుర్తుపట్టి కూల్చినప్పుడు అందులోని ఎంజైమ్ రక్తంలోకి కారుతుంది. ల్యాబ్ రిపోర్టులో ఎస్‌జీపీటీ, కొన్ని చోట్ల ఏఎల్‌టీ అని ఉండేది అదే. కొవ్వు పట్టినా, మద్యం తాగినా, కొన్ని మందుల వల్లా అది పెరుగుతుంది గానీ, హెపటైటిస్ బి ఉన్న మనిషిలో వేరే కారణం లేకుండా పెరిగిందంటే టీ కణాలు పనిలోకి దిగాయన్న అనుమానం ముందొస్తుంది.

కొడుకు రిపోర్టులో కోట్ల వైరస్ ఉన్నా ఎస్‌జీపీటీ 25 దాటలేదంటే లోపల పెద్ద గొడవ లేదన్నమాట. తల్లికి వేలల్లోనే ఉన్నా 110 చూపిస్తోందంటే గొడవ నడుస్తోంది, కాలేయం నలుగుతోంది. వైరస్‌ని అదుపు చేసే చెయ్యీ, కాలేయాన్ని గాయపరిచే చెయ్యీ ఒకటే. ఈ జబ్బుకి సంబంధించిన ప్రతి చిక్కూ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో 25.4 కోట్ల మందికి హెపటైటిస్ బి, 5 కోట్ల మందికి హెపటైటిస్ సి దీర్ఘకాలికంగా ఉన్నాయి. భారతదేశం వాటా 2.98 కోట్ల బి, 55 లక్షల సి. ఇంతమందిలో ఎక్కువమందికి తమలో వైరస్ ఉన్న సంగతే తెలియదు. పెళ్లికి ముందో, కాన్పుకి ముందో, గల్ఫ్ వీసా మెడికల్‌లోనో, రక్తదానం చేసినప్పుడో బయటపడుతుంది.

సహనం ఎక్కువైన అవయవం

వైరస్ కాలేయంలోనే ఎందుకు ఇంత హాయిగా ఉండగలుగుతుంది? కాలేయం చేసే పని చూస్తే కారణం తెలుస్తుంది. నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం దాని గుండా పోతుంది. అందులో దాదాపు ముప్పావు వంతు పేగుల నుంచి నేరుగా వచ్చేదే. తిన్న ఇడ్లీలోంచి, సాంబారులోంచి, పేగుల్లోని బ్యాక్టీరియా నుంచి వచ్చిన పరాయి పదార్థాలన్నీ మొదట ఇక్కడికే చేరతాయి. వాటన్నిటి మీదా విరుచుకుపడితే కాలేయం నెల రోజులు కూడా నిలవదు. అందుకే అది పరాయిదాన్ని చూసీచూడనట్టు వదిలేయడం అలవాటు చేసుకుంది. 1969లో రాయ్ కాన్ అనే బ్రిటిష్ సర్జన్ ఒక పంది కాలేయాన్ని ఇంకో పందికి అమర్చి, రోగనిరోధక శక్తిని అణిచే మందులు లేకుండానే చాలా పందుల్లో అది నిలబడటం చూపించాడు. కిడ్నీకో, చర్మానికో ఆ అదృష్టం లేదు.

అలాగని అక్కడ కాపలా లేదనుకోకూడదు. రక్తం వెళ్లే సన్నని సందుల గోడలకి అతుక్కుని కుఫర్ కణాలుంటాయి. శరీరంలో ఒకచోట స్థిరంగా ఉండే భక్షక కణాల్లో అతిపెద్ద గుంపు వాటిదే. ఎన్‌కే కణాలు, అంటే ముందు పరిచయం లేకపోయినా అనుమానాస్పద కణాన్ని చంపగలిగేవి, మనిషి కాలేయంలోని లింఫోసైట్లలో (ఒక రకం తెల్ల రక్తకణాల్లో) 30 నుంచి 50 శాతం దాకా ఉంటాయి. రక్తంలో వాటి వాటా ఇంత ఉండదు. కాలేయపు సందుల గోడలకి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. టీ కణాలు ఆ రంధ్రాల్లోంచి వేలు పెట్టినట్టు చాచి అవతలి కాలేయ కణాన్ని తడిమి చూస్తాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. మిగతా అవయవాల్లో టీ కణం రక్తనాళం గోడ దాటి లోపలికి వెళ్లాలి. ఇక్కడ గుమ్మం బయట నిలబడే పని కానిస్తుంది.

ఇన్ని కాపలాలున్నా హెపటైటిస్ బి మొదటి వారాల్లో ఎవరి కంటా పడదు. మామూలుగా వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనంతో చుట్టుపక్కల కణాల్ని హెచ్చరిస్తుంది. హెపటైటిస్ బి ఆ గంట మోగనివ్వదు. చింపాంజీల కాలేయంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో వారం వారం చూసినప్పుడు, వైరస్ పెరుగుతున్న తొలి రోజుల్లో అలాంటి స్పందనే కనబడలేదు. కణం కేంద్రకంలోకి చేరాక అది తన డీఎన్‌ఏని గుండ్రంగా చుట్టి, మన క్రోమోజోముల పక్కనే చిన్న క్రోమోజోములా భద్రంగా పెట్టుకుంటుంది. దీన్ని సీసీసీడీఎన్‌ఏ అంటారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఈ ముక్కకి సరిగ్గా సరిపోతుంది. మనకి ఇప్పుడున్న మాత్రలేవీ దాన్ని తొలగించలేవు.

పెద్దవాళ్లలో గెలిచేదెవరు

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి హెపటైటిస్ బి కొత్తగా సోకితే 95 శాతానికి పైగా మందుల్లేకుండానే వదిలించుకుంటారు. వారాలు గడిచాక టీ కణాలు మేల్కొంటాయి. వైరస్‌లోని ఒక ముక్కని కాదు, చాలా ముక్కల్ని ఒకేసారి గుర్తుపడతాయి. ఎన్‌కే కణాలు అంతకు ముందే రంగంలోకి దిగి ఉంటాయి. సీడీ4 టీ కణాలు తోడ్పాటునిస్తే, సీడీ8 టీ కణాలు అసలు పని చేస్తాయి. 2003లో చింపాంజీల మీద చేసిన ప్రయోగంలో సీడీ8 కణాల్ని తాత్కాలికంగా తీసేస్తే, అవి తిరిగొచ్చేదాకా వైరస్ దిగలేదు. ఎవరి వల్ల పని జరుగుతోందన్న ప్రశ్నకి అంతకన్నా సూటి జవాబు దొరకదు.

అంతకన్నా ఆసక్తికరమైన సంగతి 1999లోనే బయటపడింది. పెద్దవాళ్ల కాలేయంలో ఒక దశలో దాదాపు ప్రతి కణానికీ వైరస్ సోకి ఉండొచ్చు. అన్నిటినీ చంపితేనే వైరస్ పోతుందంటే మనిషి బతకడు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టవుతుంది. గైడోటి, చిసారి బృందం చింపాంజీల్లో గమనించిందేమంటే, కాలేయం పెద్దగా దెబ్బతినక ముందే వైరస్ డీఎన్‌ఏలో చాలా భాగం మాయమైంది. టీ కణాలు, ఎన్‌కే కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్‌ఎఫ్ అనే రసాయనాలు సోకిన కణాన్ని చంపకుండానే అందులోని వైరస్ పనిని ఆపించగలవు. చంపడం తర్వాత, కొంతమేరకే. రోగనిరోధక శక్తి గురించి మాట్లాడేటప్పుడు అందరం యుద్ధం, సైన్యం, శత్రువు అంటాం. కాలేయంలో జరిగేది యుద్ధం కన్నా నచ్చజెప్పి ఖాళీ చేయించడంలా ఉంటుంది. మాట వినని చోటే గోడలు పడతాయి.

చివరికి బీ కణాలు తయారుచేసే ప్రతిరక్షకాలు రక్తంలో తిరిగే వైరస్‌ని పట్టుకుని, కొత్త కణాల్లోకి పోనివ్వకుండా అడ్డుపడతాయి. ల్యాబ్‌లో యాంటీ-హెచ్‌బీఎస్ అని కొలిచేది వీటినే. టీకా చేసేదీ ఇదే పని, అసలు వైరస్ రాకముందే.

ఇక్కడ ఒక పక్క విషయం చెప్పాలి, ఎందుకంటే చెన్నైతో దానికి గట్టి సంబంధం ఉంది. కళ్లు పచ్చబడే రోజుకి ఈ పని చాలావరకు అయిపోయి ఉంటుంది. పచ్చకామెర్లు కనిపించేది టీ కణాల దాడి తీవ్రంగా ఉన్నప్పుడు, అప్పటికి వైరస్ తగ్గుముఖం పట్టి ఉంటుంది. సరిగ్గా ఆ రోజే పెద్దవాళ్లు పిల్లవాణ్ని పసరు పోయించడానికి తీసుకెళ్తారు. మూడు వారాల్లో కళ్లు తెల్లబడతాయి. పేరు పసరుకొస్తుంది, పని చేసిన టీ కణాలు ఎవరికీ గుర్తుండవు. నీళ్ల వల్ల వచ్చే ఎ, ఇ రకాల కామెర్లు కూడా ఎక్కువమందిలో వాటంతటవే తగ్గిపోతాయి కాబట్టి ఊరూరా ఒక పసరు వైద్యుడికి గొప్ప హస్తవాసి ఉన్నట్టు కనిపిస్తుంది.

ఆ పసర్లలో ముఖ్యమైనది నేల ఉసిరి, తమిళంలో కీళానెల్లి. దాన్ని తీసిపారేయకుండా పరీక్షకి పెట్టింది మద్రాసు విశ్వవిద్యాలయమే. ఎస్.పి. త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బి వైరస్ ఆనవాలుని మొదట పట్టుకున్న నోబెల్ గ్రహీత బరూచ్ బ్లంబర్గ్‌తో కలిసి 1988లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించింది. 30 రోజులు మందు వాడిన 37 మంది క్యారియర్లలో, అంటే వైరస్ మోస్తున్నవాళ్లలో, 22 మందికి రక్తంలో వైరస్ ఉపరితల యాంటిజెన్ (వైరస్ పైపొర ప్రోటీన్, టెస్టుల్లో హెచ్‌బీఎస్‌ఏజీ) పోయిందని, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయిందని అందులో ఉంది. 59 శాతం అంటే ఈనాటి ఏ ఆధునిక మందూ దరిదాపులకి రాని అంకె. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. మొక్కల రకంలో తేడా అన్నవాళ్లున్నారు, ఎంచుకున్న మనుషుల్లో తేడా అన్నవాళ్లున్నారు. నేల ఉసిరి మీద ఇంకా నమ్మకం ఉన్నవాళ్లని ఎగతాళి చేయాల్సిన పని లేదు, ఆ నమ్మకానికి ఒకప్పుడు లాన్సెట్‌లో చోటు దక్కింది. కానీ మళ్లీ నిరూపణ కాని ఫలితం మీద సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ముప్పు ఉన్న మనిషిని వదిలేయడం మాత్రం తప్పు.

పసిపిల్లల్లో ఎందుకు ఓడిపోతాయి

అదే వైరస్ పుట్టిన బిడ్డకి సోకితే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. 10 మందిలో 9 మందికి జీవితాంతం ఉండిపోతుంది. 1 నుంచి 5 ఏళ్ల మధ్య సోకితే సుమారు 30 శాతం మందిలో నిలిచిపోతుంది. మన కొడుక్కి తల్లి నుంచి కాన్పు సమయంలోనే వచ్చి ఉంటుంది, తల్లికీ బహుశా ఆమె తల్లి నుంచే. బిడ్డలో టీ కణాలు లేకపోవడం కాదు సమస్య. ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో, తల్లి వైరస్ వదిలే ఒక యాంటిజెన్ పిల్ల కాలేయంలోని కుఫర్ కణాల స్వభావాన్నే మార్చేస్తుందని, ఆ తర్వాత అవి టీ కణాల్ని ఉసిగొల్పే బదులు ఆపుతాయని కనిపించింది. మనుషుల్లోనూ అచ్చం ఇలాగే జరుగుతుందని చెప్పడానికి ఇది చాలదు గానీ, దిశ అటే చూపిస్తోంది.

ఏళ్ల తరబడి వైరస్ అక్కడే ఉంటే టీ కణాలకి ఏమవుతుందన్నది మాత్రం స్పష్టంగా తెలుసు. అవి అలిసిపోతాయి. శాస్త్రంలో కూడా దీన్ని అలసట అనే అంటారు. 1990ల్లో ఎలుకల్లో ఒక వైరస్ మీద చేసిన పరిశోధనల్లో ఈ స్థితిని గుర్తించారు. కణం చావదు, కానీ విభజన తగ్గుతుంది, చంపే శక్తి తగ్గుతుంది, రసాయనాలు విడుదల చేసే శక్తీ మెట్టు మెట్టుగా పోతుంది. కణం పైన పీడీ-1 లాంటి బ్రేకులు పెరుగుతాయి. 2006లో అదే ఎలుకల్లో పీడీ-1కి అడ్డుపడితే అలిసిన టీ కణాలు కొంత తిరిగి లేచాయి. ఆ బ్రేకుని కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోకి 2018లో నోబెల్ వచ్చింది, క్యాన్సర్ చికిత్సలో దాని ఉపయోగానికి.

హెపటైటిస్ బిలో అలసటకి ఇంకో కారణం ఉంది. ఈ వైరస్ అసలు వైరస్ కణాలతో పాటు లోపల ఏమీ లేని ఖాళీ గుల్లల్ని రక్తంలోకి గుమ్మరిస్తుంది. నిజమైన వైరస్ కణం ఒకటి ఉంటే గుల్లలు వెయ్యి నుంచి లక్ష దాకా ఉండొచ్చు. హెచ్‌బీఎస్‌ఏజీ టెస్టు పాజిటివ్ రావడానికి ఎక్కువగా కారణం ఇవే. బీ కణాలు ప్రతిరక్షకాలు చేసినా అవన్నీ ఈ గుల్లలకి అతుక్కుని ఖర్చయిపోతాయి. టీ కణాలు ఎటు చూసినా అదే యాంటిజెన్. 24 గంటలూ హారన్ మోగే రోడ్డు పక్క ఇంట్లో ఉండేవాళ్లకి కొన్నాళ్లకి హారన్ వినపడనట్టు అవుతుంది. దీర్ఘకాలిక రోగుల్లో హెపటైటిస్ బిని గుర్తుపట్టే టీ కణాలు రక్తంలో వెతికినా దొరకనంత తక్కువ. దొరికినవాటిలో కూడా కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతిని కనిపిస్తాయి.

ఎన్‌కే కణాల సంగతి ఇంకా విచిత్రం. మొదట్లో వైరస్ మీదకి దూకే ఇవే, దీర్ఘకాలిక దశలో అలిసిన టీ కణాల్ని పట్టుకుని చంపేస్తాయని 2013లో లండన్ శాస్త్రవేత్తలు చూపించారు. కాలేయం మరీ కాలిపోకుండా కాపాడే ఏర్పాటు కావచ్చు. కానీ ఫలితంగా వైరస్‌కి అండ దొరుకుతుంది. "ఇమ్యూనిటీ పెంచే" పొడులు, కషాయాలు అమ్మేవాళ్లు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే బాగుంటుంది. ఏ కణాన్ని పెంచాలి? ఎన్‌కే కణాన్నా, అది చంపే టీ కణాన్నా, దాడిని ఆపే నియంత్రక టీ కణాన్నా? ఇందులో అన్నీ కలిపి పెంచే మీట ఏదీ లేదు.

ఇప్పుడు కొడుకు విషయానికి రావొచ్చు. కోట్ల వైరస్, మామూలు ఎస్‌జీపీటీ ఉన్న దశని చాలాకాలం "సహన దశ" అన్నారు. కణాలు నిద్రపోతున్నాయి, కాలేయం క్షేమంగా ఉంది, మందిచ్చినా ఉపయోగం తక్కువ, ఎదురు చూడటమే మంచిదన్నది వాదన. ఇందులో కొంత సందేహం వచ్చింది. 2012లో యువ రోగుల టీ కణాల్ని పరీక్షించినప్పుడు అవి అనుకున్నంత నిద్రలో లేవని తేలింది. వైరస్ డీఎన్‌ఏ ముక్కలు మన క్రోమోజోముల్లో ఇరుక్కోవడం కూడా ఆ వయసులోనే మొదలై ఉంటోంది. క్యాన్సర్ భయం అక్కడి నుంచే. ఐరోపా వైద్యుల మార్గదర్శకాలు 2017లోనే "సహన" అన్న మాటని వదిలేశాయి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందు మొదలుపెట్టాల్సిన గీతని బాగా కిందికి దించింది. అంటే నిన్న "మందు వద్దు" అన్న మనిషికి రేపు "మొదలుపెడదాం" అనొచ్చు. డాక్టరు మాట మార్చాడని అనుకోవాల్సిన పని లేదు, కణాల గురించి మనకున్న అంచనా మారింది.

తల్లిది వేరే దశ. ఆమె 25 ఏళ్లప్పుడో 30 ఏళ్లప్పుడో టీ కణాలు ఒక్కసారిగా లేచి ఉంటాయి. కొందరికి ఈ దాడిలో వైరస్ బాగా తగ్గి, ఏళ్ల తరబడి ప్రశాంతంగా ఉంటుంది. కొందరికి దాడి మొదలై, ఆగి, మళ్లీ మొదలై, ఎటూ తేలకుండా సాగుతుంది. గెలవలేని, మానలేని ఈ దాడే ప్రమాదకరం. కణాలు చచ్చిన ప్రతిసారీ వచ్చే సంకేతాలకి కాలేయంలోని నక్షత్రాకార కణాలు లేచి, పుండు మానిన చోట మచ్చ పడ్డట్టు పీచు పదార్థం పరుస్తాయి. 20 ఏళ్ల మచ్చలు పేరుకుంటే సిరోసిస్. ఫైబ్రోస్కాన్ కొలిచేది ఈ గట్టిదనాన్నే. అందుకే ఆమెకి టెనోఫోవిర్ లాంటి మాత్ర రాశారు. అది వైరస్ నకళ్లు తీయకుండా ఆపుతుంది, దాడికి కారణం తగ్గుతుంది, కాలేయం కుదుటపడుతుంది. మాత్ర ఆపితే సీసీసీడీఎన్‌ఏ నుంచి వైరస్ మళ్లీ లేస్తుంది కాబట్టి చాలామంది ఏళ్ల తరబడి వాడాల్సిందే. ఎస్‌జీపీటీ బాగుందని సొంతంగా ఆపేసి ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్లున్నారు. మందు ఆపినప్పుడు లేచే టీ కణాల దాడి ఒక్కోసారి కాలేయం తట్టుకోలేనంతగా ఉంటుంది.

ఇదంతా పుట్టిన రోజు మొదలుపెట్టే ఒక టీకాతో చాలావరకు తప్పిపోయేదని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. మన దేశంలో జన్యు సాంకేతికతతో తొలి హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ నుంచి వచ్చింది. దాని వ్యవస్థాపకుడు వరప్రసాద్ రెడ్డిది నెల్లూరు జిల్లా. విదేశీ టీకా ధర అందని కాలంలో అది పెద్ద మలుపు. 2011 డిసెంబరులో పెంటావాలెంట్ టీకాని (హెపటైటిస్ బితో కలిపి ఐదు జబ్బులకి ఒకే సూది) దేశంలో మొదట మొదలుపెట్టిన రెండు రాష్ట్రాల్లో తమిళనాడు ఒకటి. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు ఒక మోతాదు, తర్వాత 6, 10, 14 వారాలకి పెంటావాలెంట్‌లో భాగంగా ఇస్తారు. ఆ మొదటి 24 గంటల పట్టింపు ఎందుకంటే, వైరస్ కాలేయంలో స్థిరపడకముందే బీ కణాలు ప్రతిరక్షకాలు సిద్ధం చేయాలి.

సి రకం దారి వేరు

హెపటైటిస్ సి కూడా కాలేయాన్ని నేరుగా కాక ఎక్కువగా మన కణాల చేతే నష్టపరుస్తుంది. కానీ దాని ఎత్తుగడ వేరు. ఇది ఆర్‌ఎన్‌ఏ వైరస్, కేంద్రకంలో దాక్కునే అలవాటు లేదు. దాక్కోదు గానీ వేషం మారుస్తుంది. నకళ్లు తీసేటప్పుడు తప్పులు ఎక్కువ చేస్తుంది కాబట్టి ఒకే మనిషిలో వందల రకాలుగా తిరుగుతుంది. టీ కణం ఒక ముక్కని గుర్తుపట్టేసరికి ఆ ముక్క మారిపోయి ఉంటుంది. ఇంటర్‌ఫెరాన్ గంట మోగించే ఒక ప్రోటీన్‌ని తన ఎంజైమ్‌తో కోసేస్తుంది కూడా.

అయినా సోకినవాళ్లలో సుమారు 30 శాతం మంది ఆరు నెలల్లో సొంతంగా వదిలించుకుంటారు. వాళ్లలో సీడీ4 టీ కణాల తోడ్పాటు చివరిదాకా నిలబడుతుంది. చింపాంజీల్లో సీడీ4 కణాల్ని తీసేస్తే, సీడీ8 కణాలున్నా వైరస్ వేషం మార్చుకుని తప్పించుకుంది. ఇంటర్‌ఫెరాన్ లాంబ్డాకి సంబంధించిన ఒక జన్యువులో తేడా వల్ల కొందరికి ఈ గెలుపు సులువవుతుందని 2009లో తేలింది. వైరస్ ముక్కల్ని టీ కణాలకి చూపించే హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్లలో బి27, బి57 రకాలున్నవాళ్లకి కూడా కొంత అనుకూలం.

అదృష్టవశాత్తూ సి విషయంలో రోగనిరోధక కణాల దయ మీద ఆధారపడే రోజులు పోయాయి. 8 నుంచి 12 వారాల మాత్రలతో 95 శాతానికి పైగా నయమవుతోంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ మందులు ఉచితం. కణాల దృష్టితో చూస్తే మాత్రం ఒక కొసమెరుపుంది. వైరస్ పోయాక టీ కణాలు తిరిగి తాజాగా అవుతాయని అందరూ అనుకున్నారు. 2021లో వచ్చిన పరిశోధనలు అంతా కోలుకోదని చూపించాయి. అలసట మచ్చ కణం డీఎన్‌ఏ అమరికలోనే ఉండిపోతుంది. నయమైనవాళ్లకి సి మళ్లీ సోకవచ్చన్న మాటని తేలిగ్గా తీసుకోకూడదు.

లేపడమా, ముందు నిశ్శబ్దం చేయడమా

హెపటైటిస్ బికి ఇప్పుడు అందరూ వెతుకుతున్నది పూర్తిగా నిర్మూలించడం కాదు. హెచ్‌బీఎస్‌ఏజీ పోయి, మందు ఆపినా ఆరు నెలల పాటు తిరిగిరాకుండా ఉంటే దాన్ని క్రియాత్మక స్వస్థత అంటున్నారు. సీసీసీడీఎన్‌ఏ ఉన్నా, టీ కణాలు దాని మీద మూత పెట్టి ఉంచితే చాలు. మందుల్లేకుండా ఏటా సుమారు ఒక శాతం మందిలో ఇది దానంతటదే జరుగుతుంది. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఎన్‌కే కణాల్ని ఉసిగొల్పి కొద్దిమందిలో సాధిస్తాయి, జ్వరం, నీరసం, డిప్రెషన్ లాంటి బాధలతో.

సూటిగా ఆలోచిస్తే పీడీ-1 బ్రేకు తీసేయొచ్చు కదా అనిపిస్తుంది. క్యాన్సర్‌లో అదే చేస్తున్నారు. కానీ కాలేయమంతా వైరస్ ఉన్నప్పుడు బ్రేకు లేని టీ కణాలు వచ్చిపడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అందుకే పరిశోధన ఇంకో దారి పట్టింది: ముందు ఆ ఖాళీ గుల్లల హోరు తగ్గించాలి, ఆ తర్వాత టీ కణాల్ని లేపాలి. బెపిరోవిర్సెన్ అనే ఇంజెక్షన్ గుల్లల తయారీకి కావలసిన ఆర్‌ఎన్‌ఏని నాశనం చేస్తుంది. 2022లో ప్రచురించిన రెండో దశ పరీక్షల్లో, 24 వారాలు వారం వారం వాడినవాళ్లలో 9 నుంచి 10 శాతం మందికి హెచ్‌బీఎస్‌ఏజీ పోయి, ఆపాక 24 వారాలు తిరిగి రాలేదు. అంకె చిన్నదే, అయినా ఏటా ఒక శాతంతో పోల్చితే పెద్ద అడుగు. మొదలుపెట్టేటప్పటికే గుల్లలు తక్కువున్నవాళ్లలో ఫలితం ఎక్కువగా కనిపించడం హోరు తగ్గించాలన్న ఆలోచనకి బలమిస్తుంది.

మూత ఎంత అవసరమో అది కొత్తగా పెట్టినప్పుడూ, ఉన్నది తీసినప్పుడూ తెలుస్తుంది. ఎముక మజ్జ మార్పిడిలో, హెపటైటిస్ బికి నిరోధక శక్తి ఉన్న దాత నుంచి కణాలు అందుకున్న కొందరు రోగులకి వైరస్ పోయిన సందర్భాలు హాంకాంగ్ నుంచి నమోదయ్యాయి. దాత టీ కణాలు, బీ కణాలు వచ్చి పని పూర్తిచేశాయి. దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది చెన్నైలో క్యాన్సర్ చికిత్సకి వచ్చేవాళ్లకి కావలసిన సమాచారం. లింఫోమా అనే క్యాన్సర్‌కి వాడే రిటుక్సిమాబ్ బీ కణాల్ని తుడిచిపెడుతుంది. 20 ఏళ్ల కిందట కామెర్లు వచ్చి తగ్గిన మనిషిలో, హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్ ఉన్నా, కేంద్రకంలో దాక్కున్న వైరస్ ఈ మందు పడగానే లేవగలదు. మందు ప్రభావం తగ్గి రోగనిరోధక కణాలు తిరిగొచ్చినప్పుడు అంత వైరస్‌ని చూసి ఒక్కసారిగా విరుచుకుపడతాయి, కాలేయం ఆగిపోవచ్చు. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందు సమాచార పత్రంలో గడి కట్టి ఇచ్చే హెచ్చరికలో ఈ ముప్పు గురించి చేర్చమంది.

అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కో, ఇంకో ఆస్పత్రికో వచ్చిన నెల్లూరు మనిషి పాత జబ్బుల లిస్టు చెప్పేటప్పుడు చిన్నప్పటి కామెర్ల సంగతి చెప్పడు. పసరు తాగి తగ్గిపోయింది కదా, అది జబ్బుల్లో లెక్కే కాదు. అందుకని కీమో మొదలుపెట్టే ముందు హెచ్‌బీఎస్‌ఏజీతో పాటు యాంటీ-హెచ్‌బీసీ అనే రెండో టెస్టు రాస్తారు. వైరస్ ఒకప్పుడు ఒంట్లోకి వచ్చి వెళ్లిందా లేదా అన్నది మనిషి మర్చిపోయినా బీ కణాలు మర్చిపోవు, వాటి ప్రతిరక్షకం రక్తంలో ఉంటుంది. పాజిటివ్ వస్తే, వాడబోయే మందుని బట్టి కీమోతో పాటే వైరస్ మాత్ర కూడా మొదలుపెడతారు. రిటుక్సిమాబ్ అయితే అది ఆపేశాక కూడా కనీసం ఒక ఏడాది ఆ మాత్ర కొనసాగించాలి.